రెండో టచ్ ఎవరిది?



ఈ నెల పాఠానికి ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిల్, పక్కన మీ బాబో పాపో ఉంటే చాలు. పాఠం వాలీబాల్ గురించి. మ్యాథ్స్ టీచర్‌కి వాలీబాల్‌తో పనేంటని అనుకుంటున్నారేమో, చివరిదాకా చదవండి.

హైదరాబాద్ బ్లాక్ హాక్స్ పేరు మీ పిల్లల నోట వినే ఉంటారు. అది మన నగరం ప్రొఫెషనల్ వాలీబాల్ క్లబ్. 2019లో ప్రో వాలీబాల్ లీగ్‌లో ఆడిన ఆరు జట్లలో అదొకటి. ఆ లీగ్ ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది. 2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదలైంది. కొవిడ్ వల్ల ఆ మొదటి సీజన్ మొత్తం ప్రేక్షకులు లేకుండా గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే జరిపారు. 2025 అక్టోబర్‌లో నాలుగో సీజన్ పది జట్లతో మళ్లీ హైదరాబాద్‌కే వచ్చింది. రోడ్ నంబర్ 45 నుంచి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటితే గచ్చిబౌలి మనకు దూరమేమీ కాదు.

2023 జనవరిలో హీరో విజయ్ దేవరకొండ ఈ క్లబ్‌కు సహ యజమాని, బ్రాండ్ అంబాసిడర్ అయ్యారు. మా క్లాసులో చాలామందికి జట్టు పేరు తెలిసింది అందువల్లే. 2025 వరకు జరిగిన నాలుగు సీజన్లలో మన జట్టు కప్పు గెలవలేదు. "మరి ఎందుకు మేడమ్ వాళ్ల గురించి పాఠం?" అని ఒక పాప అడిగింది. "గెలవని వాళ్లు కూడా పాఠం చెప్పగలరమ్మా" అన్నాను.

ఇప్పుడు కాగితం తీసుకోండి. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు కోర్టు గీయించండి. మధ్యలో నెట్ గీత. పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, మహిళలకు 2.24 మీటర్లు. ఒక్కో వైపు ఆరుగురు. మీ పిల్లల్ని మొదటి ప్రశ్న అడగండి: ఒక్కొక్కరు ఎంత స్థలం కాపాడాలి? సగం కోర్టు 81 చదరపు మీటర్లు, ఆరుతో భాగిస్తే 13.5. అంటే సుమారు పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న గది. మీ పడకగదిలో మధ్యన నిలబడి, ఏ మూలకు బంతి వచ్చినా నేల తాకకుండా ఆపాలన్నమాట.

రెండో ప్రశ్న: గంటకు 90 కిలోమీటర్ల వేగంతో చేసిన సర్వీస్ 18 మీటర్లు దాటడానికి ఎంత సమయం? గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. 18ని 25తో భాగిస్తే 0.72 సెకను. గాలి వల్ల నిజానికి వేగం కొంచెం తగ్గుతుంది, అయినా ఒక్క సెకనే అనుకోండి. ఎవరు తీసుకోవాలని ముందే మాట్లాడుకోని జట్టులో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగానే బంతి నేలమీద పడుతుంది.

మూడో ప్రశ్న పెద్ద క్లాసుల పిల్లలకు. ఆరుగురిని ఆరు స్థానాల్లో ఎన్ని రకాలుగా నిలబెట్టవచ్చు? 720. అయితే సర్వీస్ మన చేతికి వచ్చిన ప్రతిసారీ అందరూ గడియారం ముల్లు తిరిగే దిశలో ఒక్కో స్థానం జరుగుతారు. ఆరుసార్లు జరిగితే ఎవరి చోటుకు వాళ్లు తిరిగి వస్తారు. కాబట్టి నిజంగా వేర్వేరు వరుసలు 720ని 6తో భాగిస్తే వచ్చే 120 మాత్రమే. వరుస తప్పితే ఎదుటివాళ్లకు పాయింట్. ఎంత పెద్ద స్మాషర్ అయినా వెనక వరుసలోకి వెళ్లాలి, తన వంతు వచ్చినప్పుడు సర్వీస్ చేయాలి. ఎప్పుడూ నెట్ దగ్గరే ఉంటానంటే కుదరదు.

ఇక అసలు విషయం. బంతి మన వైపు వచ్చాక మూడు టచ్‌లలో తిరిగి పంపాలి. మొదటి టచ్ ఆపడం. రెండో టచ్ ఎత్తి ఇవ్వడం. మూడోది కొట్టడం. స్టేడియంలో చప్పట్లన్నీ మూడో టచ్‌కే. రెండో టచ్ చేసే ఆటగాడిని సెట్టర్ అంటారు, కొన్ని ఊళ్లలో లిఫ్టర్ అంటారు. అతను బంతిని తనకు నచ్చిన చోటికి పంపడు. కొట్టేవాడు ఎంత ఎత్తు ఎగరగలడు, ఎప్పుడు ఎగురుతాడు, ఈరోజు కాలు నొప్పిగా ఉందా, ఇవన్నీ చూసి అతనికి అందే చోట పెడతాడు. స్కోరుబోర్డు మీద ఆ పనికి విడిగా పాయింట్ ఉండదు.

ఇది మీకు కొత్త సంగతి కాదు. మన స్కూల్ పేరెంట్స్‌లో ఎడిటింగ్‌లో, డబ్బింగ్‌లో, లైట్ డిపార్ట్‌మెంట్‌లో, కాస్ట్యూమ్స్‌లో పనిచేసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. విజిల్స్ హీరో ఎంట్రీకి పడతాయి. ఆ ఎంట్రీని ఏ ఫ్రేమ్ దగ్గర కట్ చేయాలో తెలిసినవాళ్లు ఎడిట్ రూమ్‌లో ఉంటారు. ఫిల్మ్‌నగర్‌లో రెండో టచ్ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ ప్రోగ్రెస్ కార్డ్ చేతికి వచ్చేసరికి మనమంతా మూడో టచ్ ఒక్కటే చూస్తాం. ఆ "మనం"లో నేనూ ఉన్నాను.

గతంలో నేను పనిచేసిన చోట ఎనిమిదో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. స్లిప్ టెస్టుల్లో 25కి 11, 12 దాటేవి కావు. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మగారు "వాలీబాల్ మానిపించమంటారా మేడమ్?" అని అడిగారు. రెండు క్షణాలు కూడా ఆలోచించకుండా "హాఫ్ ఇయర్లీ దాకా మానిపించండి" అన్నాను. అంతకుముందు సిలబస్ అవ్వలేదని ఆ క్లాసు గేమ్స్ పీరియడ్లు నేనే తీసుకున్నాను కూడా.

మార్కులు పెరగలేదు. బాబు క్లాసులో మాట్లాడటం తగ్గించేశాడు. ఒకరోజు పీఈటీ సార్ స్టాఫ్ రూమ్‌లో "కొట్టేవాళ్లు ముగ్గురున్నారు, ఎత్తి ఇచ్చేవాడు లేడు మేడమ్" అన్నారు. ఆ ఎత్తి ఇచ్చేవాడు ఈ బాబేనని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు బోర్డు మీద కోర్టు గీసి మీకు పైన ఇచ్చిన ప్రశ్నలే అడిగాను. 120 అన్న జవాబు ముందుగా అతని దగ్గర్నుంచే వచ్చింది, అదీ వేళ్లతో గాలిలో ఆటగాళ్లని తిప్పుతూ.

వాళ్లమ్మగారికి ఫోన్ చేసి నా సలహా తప్పని చెప్పాను. వారానికి రెండు రోజులు ఆట మళ్లీ మొదలైంది. అద్భుతమేమీ జరగలేదు, తర్వాతి టెస్టులో 14 వచ్చాయి. కానీ డౌట్ ఉంటే చెయ్యెత్తడం మళ్లీ మొదలుపెట్టాడు. నాకు అది చాలు.

పి.వి. సింధు గురించి మీకు తెలుసు. 2016 రియోలో రజతం, టోక్యోలో కాంస్యం. వాళ్ల నాన్నగారు పి.వి. రమణ వాలీబాల్ ఆటగాడు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడారు, 2000లో అర్జున అవార్డు అందుకున్నారు. అమ్మ విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. అమ్మానాన్నలిద్దరిదీ వాలీబాలే, అయినా కూతురు బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకుంది. వాళ్లు కాదనలేదు. తెల్లవారుజామున అకాడమీకి తీసుకెళ్లడం దగ్గర్నుంచి అన్నింటికీ వెంట నిలిచారు. బంతిని తమకు నచ్చిన చోట కాకుండా, కూతురికి అందే చోట పెట్టారు.

ఇంట్లో మనం చేయగలిగిందీ ఇదే. మూడో టచ్ పిల్లలది. వాళ్ల బదులు మనం ఎగిరి కొట్టలేం. రెండో టచ్ మాత్రం మన చేతిలో ఉంది.

ఈ నెల హోంవర్క్ మీకే. రోజూ అడిగే "ఎన్ని మార్కులు?" అనే ప్రశ్న ఒక వారం పక్కన పెట్టండి. దాని బదులు "ఈరోజు నీకెవరు సాయం చేశారు? నువ్వెవరికి సాయం చేశావు?" అని అడగండి. జవాబు డైరీలో ఒక వాక్యంగా రాయించండి, ఇంగ్లీషులోనైనా తెలుగులోనైనా సరే. స్పెల్లింగ్ తప్పులు దిద్దకండి, అవి నేను చూసుకుంటాను. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డ్ తెరిచే ముందు ఆ డైరీ తెరుద్దాం.


మీ పిల్లల మ్యాథ్స్ టీచర్