చార్జర్ మీద ‘రోహ్స్’ అని ఉంటే చాలా? అసలు టెస్ట్ ఎలా చేస్తారు?

పోయిన సంక్రాంతికి రేపల్లెలో మా అక్కావాళ్ల ఇంటికి వెళ్లా. ఏడాది నిండిన మేనల్లుడు నా చార్జర్ కేబుల్ నోట్లో పెట్టుకుని తెగ నములుతున్నాడు. అక్క లాక్కుని, “ఒరేయ్, ఇందులో ఏం కలుపుతారురా?” అంది. “అడాప్టర్ మీద రోహ్స్ అని ఉందక్కా, ఏం కాదు” అనేశా. అది బాపట్లలో రోడ్డు పక్కన 150 రూపాయలకు కొన్న చార్జర్. తెనాలి రైలెక్కాక అనిపించింది, ఆ మాట ఏ ధైర్యంతో అన్నానా అని. ఇన్ని గ్యాడ్జెట్లు చూశాను కానీ, రోహ్స్ టెస్ట్ ఎలా జరుగుతుందో ఎప్పుడూ చదవలేదు. చదివాక తెలిసింది ఇదీ.

రోహ్స్ అంటే?

ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ప్రమాదకర పదార్థాలకు పరిమితి పెట్టే రూల్. యూరప్‌లో 2006 జులై 1 నుంచి, మన దేశంలో 2014 మే 1 నుంచి అమల్లో ఉంది. మన లిస్టులో ఆరు: సీసం, పాదరసం, కాడ్మియం, హెగ్జావాలెంట్ క్రోమియం, మంటలు అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపే పీబీబీ, పీబీడీఈ. కాడ్మియానికి లిమిట్ 100 పీపీఎం, మిగతా వాటికి 1000.

లెక్క ఎక్కడ కట్టాలి?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. 50 గ్రాముల చార్జర్‌లో 0.1 గ్రాము పాత రకం సోల్డర్ ఉందనుకోండి. అందులో 37 శాతం సీసమే, అంటే 37 మిల్లీగ్రాములు. మొత్తం బరువుతో భాగిస్తే 740 పీపీఎం, పాస్! కానీ రూల్ అలా లెక్కపెట్టదు. ఇక విడదీయలేని ఒక్కో మెటీరియల్‌నీ వేరుగా చూడాలి. సోల్డర్‌ను విడిగా చూస్తే 3,70,000 పీపీఎం. ఘోరంగా ఫెయిల్. అందుకే ల్యాబ్‌లో ముందు వస్తువు మొత్తం విప్పేస్తారు. కేబుల్ తొడుగు, రాగి తీగ, పిన్ పూత, సోల్డర్, దేనికదే శాంపిల్.

మొదటి రౌండ్: ఎక్స్‌ఆర్‌ఎఫ్

బంగారం షాపులో నగ పెట్టగానే క్యారెట్ చూపించే మెషీన్ చూశారుగా? అదే టెక్నాలజీ. ఎక్స్‌రేలు తగిలితే ఒక్కో మూలకం తనదైన సిగ్నల్ ఇస్తుంది. నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ దీనికో లోటుంది. క్రోమియం ఉందని చెబుతుంది, అది హెగ్జావాలెంటో కాదో చెప్పలేదు. బ్రోమిన్ ఉందంటుంది, అది పీబీడీఈలోదో, నిషేధం లేని ఇంకో దానిలోదో తేల్చలేదు.

రెండో రౌండ్: కెమిస్ట్రీ

అనుమానం వచ్చిన శాంపిల్‌ను యాసిడ్‌లో కరిగించి ఐసీపీ మెషీన్‌లో లోహాలు కొలుస్తారు. పీబీబీ, పీబీడీఈలకు జీసీ-ఎంఎస్. హెగ్జావాలెంట్ క్రోమియానికి రంగు మారే పరీక్ష. ఈ పద్ధతులన్నీ ఐఈసీ 62321 స్టాండర్డ్‌లో ఉంటాయి. మనకు దగ్గర్లో అయితే హైదరాబాద్ చర్లపల్లిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్‌కు రోహ్స్ ల్యాబ్ ఉంది.

మరి నా కేబుల్ సంగతి?

కేబుల్ మెత్తగా ఉండటానికి పీవీసీలో థాలేట్స్ కలుపుతుంటారు. నాలుగు రకాల థాలేట్స్‌ను యూరప్ 2019 జులై 22 నుంచి తన లిస్టులో చేర్చింది, అక్కడ మొత్తం పది. మన ఆరింటిలో అవి లేవు. అంటే ఇక్కడి రూల్ ప్రకారం నిజాయితీగా పాసైన కేబుల్‌లో కూడా అవి ఉండొచ్చు! పైగా ‘రోహ్స్’ ముద్ర తయారీదారు తనకు తాను ఇచ్చుకునే మాట. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కోడ్ రాసినవాడే ‘టెస్టెడ్’ అని కామెంట్ పెట్టుకోవడం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ర్యాండమ్‌గా శాంపిల్స్ తీసి పరీక్షించాలని రూల్స్‌లో ఉంది. కానీ పేరూ ఊరూ లేని చార్జర్ దొరికితే ఎవర్ని అడుగుతారు?

కొనేముందు

ముద్ర ఒక్కటే చూడకండి. తయారీదారు పేరు, అడ్రస్ ఉన్నాయా? యూజర్ మాన్యువల్‌లో రోహ్స్ డిక్లరేషన్ ఉందా? అది మన రూల్స్ ప్రకారం తప్పనిసరి. పాత కేబుల్‌ను చెత్తలో తగలబెట్టకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకివ్వండి.

తెనాలిలో దిగగానే అక్కకు ఫోన్ చేశా. “ఏం కాదన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఏ కంపెనీదైనా సరే, కేబుల్ వాడికి అందనివ్వకు” అని చెప్పా.