మాయ కండ్లద్దాలు – మన కండ్లు

వర్చువల్ రియాలిటీ అంటే లేనిదానిని ఉన్నట్టు చూపించుట. డబ్బా లాంటి హెడ్‌సెట్‌ను కండ్లకు కట్టుకుంటే కూసున్నకాడనే సముద్రం, చందమామ కనపడతయి. కొన్ని బడులలో దీనితో పాఠాలు కూడా చెప్తున్నారు. రేపు మన బడికీ రావచ్చు. ముందే తెలుసుకొనుట మంచిది.

ఎట్ల పని చేస్తది?
బొటనవేలు ముక్కు ముందర పెట్టి, ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టుంటది. అంటే రెండు కండ్లు రెండు బొమ్మలు చూస్తయి. మెదడు వాటిని కలిపి లోతు తెలుసుకుంటది. ఈ సంగతిని 1838లో ఇంగ్లాండు శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టోన్ వివరించినాడు. హెడ్‌సెట్ కూడా ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపి మెదడును నమ్మిస్తది.

లాభం
అమెరికాలో కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు రోగులకు దీనిలో మంచు లోకం చూపించినారు. మనసు అటు పోయి నొప్పి తక్కువ తెలిసింది.

ఇబ్బందులు
1. తల తిరుగుట: బోధన్ బస్సుల పుస్తకం చదివితే కడుపుల తిప్పుతది గదా! ఒళ్ళు కదులుతుందని చెవి లోపలి భాగం చెప్తది, పుస్తకం కదలట్లేదని కన్ను చెప్తది. హెడ్‌సెట్‌ల దీనికి ఉల్టా. కన్ను ఉరుకుతున్నమంటది, చెవి కూసున్నమంటది.
2. కండ్ల అలసట, తలనొప్పి: ఎక్కువసేపు చూస్తే వస్తయి. చిన్నపిల్లల తలకు అది బరువు కూడా.
3. కండ్లకలక: 2023 వానకాలంలో హాస్టళ్ళలో ఎట్ల పాకిందో అందరికి ఎరుకే. ఒకరి మొఖానికి పెట్టింది తుడువకుండ ఇంకొకరికి పెడితే అదే జరుగుతది.

వయసు
మెటా కంపెనీ మొదట 13 ఏండ్లు నిండినోళ్ళకే అన్నది. 2023లో తల్లిదండ్రుల అనుమతితో 10 ఏండ్లకు దించింది. పిల్లల మీద ఏండ్ల తరబడి చేసిన పరిశోధనలు మాత్రం ఇంకా తక్కువే.

అసలు మాట
తల తిరిగితే మనం చెప్పం. "అడవి పిల్లలకు మిషన్ అంటే భయం" అని నవ్వుతారని బుగులు. కాని అది భయం కాదు, చెవి చేసే పని. పట్నం పిల్లలకూ తిరుగుతది. వెంటనే తీసి చెప్పాలి. బొమ్మ సరిగ్గ కనపడకపోతే కంటి పరీక్ష చేయించుకోవాలి.

వార్డెన్ మేడమ్ గారికి మనవి: హెడ్‌సెట్ వస్తే కూసుండి కొద్దిసేపే చూడనివ్వండి. ప్రతిసారి తుడిపించండి. వద్దన్నోళ్ళను బలవంతం చేయకండి.

– 9వ తరగతి విద్యార్థిని, కోటగిరి