జంట ఫోటోకి మాటలు: ఒక స్టూడియో మనిషి అనుభవ పాఠాలు

తెనాలిలో 38 ఏళ్లు స్టూడియో నడిపాను. యాషికా మ్యాట్ కెమెరాలో ఒక 120 రోలుకి 12 ఫోటోలే వచ్చేవి. అందుకని జంటను కూర్చోబెట్టాక, షట్టర్ నొక్కే ముందు చాలాసేపు చూస్తూ ఉండేవాణ్ణి. ఇప్పుడు మా అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు చేసే ఏఐకి ప్రాంప్టులు రాస్తున్నాను. ఈ పని నేర్చుకుంటున్న పిల్లలకు నాకు తెలిసింది చెబుతాను.

1. ముందు మనుషుల్ని చూడండి, తర్వాత రాయండి.

"అందమైన జంట, ముచ్చటగా, చాలా సహజంగా" అని రాస్తే నగల దుకాణం హోర్డింగ్ మీది జంట వస్తుంది. వాళ్లు ఎవరి అమ్మానాన్నలూ కారు. రిటైరైన బస్సు కండక్టరు గారొకరు షష్టిపూర్తి కార్డు మీదకి బొమ్మ కావాలని భార్యతో వచ్చారు. కూర్చున్న పది నిమిషాల్లో ఆవిడ మూడుసార్లు ఆయన చొక్కా కాలరు సర్దారు. అదే రాశాను: "ఆమె రెండు వేళ్లతో ఆయన కాలరు మడత సరిచేస్తోంది. ఆయన గడ్డం కాస్త పైకెత్తి, కదలకుండా ఆగాడు. ఇద్దరూ కెమెరా వైపు చూడటం లేదు." బొమ్మ చూడగానే వాళ్లమ్మాయి "అచ్చం మా అమ్మే" అంది. ప్రేమ, ఆప్యాయత, అనుబంధం అనే మాటలు ఆ ప్రాంప్టులో ఒక్కటీ లేవు. చేతులు ఏం చేస్తున్నాయో, చూపు ఎటుందో, ఇద్దరి మధ్య ఎంత ఎడముందో రాయండి. మిగతాది బొమ్మలోకి దానంతటదే వస్తుంది.

2. ఒక్కొక్కరి గురించి విడిగా రాయండి.

కళ్లజోడు, నెరిసిన జుట్టు, నీలం చొక్కా, ఎర్రంచు చీర అని అన్నీ కలగలిపి రాస్తే ఆయన కళ్లజోడు ఆవిడకీ వస్తుంది, ఆవిడ చీర రంగు ఆయన చొక్కాకి అంటుకుంటుంది. ఆయనకో వాక్యం, ఆవిడకో వాక్యం రాసి, అప్పుడు ఇద్దరినీ కలపండి. ఎడమ, కుడి అన్నప్పుడు ఎవరి ఎడమో తేల్చి చెప్పండి. నేను "బొమ్మ చూసేవాళ్లకి ఎడమవైపు" అనే రాస్తాను. ముఖ్యమైన సంగతి మొదట్లోనే ఉండాలి. 2022లో వచ్చిన తొలి స్టేబుల్ డిఫ్యూజన్‌లో మాటలు చదివే భాగం ఒక విడతకి 77 టోకెన్లే (మాటల ముక్కలే) తీసుకునేది, ఆ పైన రాసింది దాని చెవికెక్కేది కాదు. ఇప్పటి యంత్రాలు పెద్ద ప్రాంప్టులూ చదువుతున్నాయి, తెలుగులో రాసినా అర్థం చేసుకుంటున్నాయి. అయినా ఆ క్రమం నేను మానలేదు.

3. వెలుతురు ఒక్కవైపు నుంచే రావాలి.

కొందరు భర్త ఫోటో ఎండలో తీసింది, భార్యది ఫ్లాష్‌తో తీసింది ఇస్తారు. ఊరికే కలపమంటే ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఉన్నట్టు ఉంటారు. "ఎడమవైపు కిటికీ, ఉదయపు వెలుతురు, పలచని తెర" అని కొత్త వెలుతురు మీరే చెప్పండి. బొమ్మ వచ్చాక నాలుగు కళ్లలోనూ మెరుపు చుక్క ఒకే పక్కన ఉందో లేదో చూడండి. ముక్కు నీడలు కూడా ఒకే వైపు పడాలి. నడుము పైభాగం ఫోటోకి 85 ఎం.ఎం. లెన్స్ అని రాస్తాను. దగ్గరగా వైడ్ లెన్స్‌తో తీసినట్టు వస్తే ముక్కులు పెద్దవవుతాయి.

4. ముడతలు పోనివ్వకండి.

మా గురువుగారు నెగెటివ్ మీద పెన్సిలు మొనతో రీటచింగ్ చేసేవారు. మొటిమ తీసేసేవారు, నవ్వినప్పుడు పడే గీత జోలికి మాత్రం వెళ్లేవారు కాదు. యంత్రానికి ఆ తేడా తెలీదు, రెండూ చెరిపేసి మైనం బొమ్మను చేస్తుంది. "కళ్ల చివర గీతలు, మెడ మీద ముడత, ముంజేతి మీద ఎండకి కమిలిన రంగు" అని పేరుపేరునా రాయండి.

5. మన పెళ్లి మనమే చెప్పాలి.

భారతీయ వధూవరులు అంటే చాలాసార్లు షేర్వాణీ, లెహంగాలే వస్తాయి. తెలుగు పెళ్లి అని రాసినా సరిపోదు. జీలకర్ర-బెల్లం అని రాస్తే ఒకసారి నాకు పళ్లెంలో బెల్లం ముక్కలు పెట్టి ఇచ్చింది! పేరు చెప్పి ఊరుకోకుండా కంటికి కనిపించేది రాయాలి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు, మధ్యలో అడ్డుతెర, ఒకరి తల మీద ఒకరి చెయ్యి, ఆ చేతి కింద తమలపాకు. ఇద్దరి నుదుటా బాసికం, బుగ్గన చుక్క. తెల్లని నూలు మధుపర్కాలకి ఎర్రంచు. మంగళసూత్రం అంటే నల్లపూసల గొలుసు వేస్తుంది కాబట్టి "పసుపుతాడుకి రెండు చిన్న గుండ్రటి బంగారు బిళ్లలు" అని రాయండి. పైట ఎడమ భుజం మీద ఉందో లేదో కూడా చూసుకోండి.

6. వద్దన్నది వస్తుంది.

"పూలదండ వద్దు" అంటే చాలాసార్లు దండతోనే వచ్చింది. దాని మాట ఎత్తకండి, మెడలో ఏముండాలో అదే చెప్పండి.

7. ఇద్దరికీ ఇష్టమైతేనే చెయ్యండి.

కాలేజీ కుర్రాడొకడు ఒక అమ్మాయి ఫోటో తెచ్చి, తనతో కలిపి జంటగా చేసిమ్మన్నాడు. "ఆ అమ్మాయికి తెలుసా నాన్నా?" అన్నాను. తల దించుకున్నాడు. చెయ్యలేదు. అలాంటి బొమ్మ ఒక్కటి ఫోన్లలో తిరిగితే ఆ పిల్ల వీధిలోకి రాలేదు. ఎంత డబ్బిస్తామన్నా ఈ పని చెయ్యకండి.

8. పోయినవాళ్ల గురించి ఉన్నవాళ్లనే అడగండి.

ఒక పెద్దావిడ వచ్చారు. పెళ్లయిన 41 ఏళ్లలో భర్తతో దిగిన ఫోటో ఒక్కటీ లేదు. ఆయనది ఒక పాస్‌పోర్ట్ ఫోటో ఉంది. యంత్రం ఆయన్ని చూసేవాళ్లకి కుడివైపు నిలబెట్టింది. పోలిక బాగానే కుదిరింది కానీ ఆవిడ ముఖం విప్పారలేదు. "ఆయన ఎటు నిలబడేవారమ్మా?" అని అడిగాను. "నా ఎడమ చెవి వినబడదు బాబూ. ఎక్కడికెళ్లినా ఆయన నా కుడిపక్కనే ఉండేవారు" అన్నారు. "చూసేవాళ్లకి ఎడమవైపు భర్త, ఆమె కుడిచెవి వైపు కాస్త వంగి ఏదో చెబుతున్నాడు" అని మార్చి రాశాను. ఆ బొమ్మను ఆవిడ కొంగుతో తుడిచి పట్టుకెళ్లారు. ఇచ్చే ముందు వెనకవైపు "ఏఐతో చేసిన బొమ్మ" అని రాసి తేదీ వేశాను. మీరు చేసే ప్రతి బొమ్మ వెనకా అలా రాయండి.