పాత పికప్ వ్యాను – ఒలకని ఆయిలు

కిరాణా కొట్టులో నూనె డబ్బా తెరవడం మీరు చూసే ఉంటారు. కొట్టతను మేకుతో ఒక మూల చిల్లు పొడిచి ఊరుకోడు. ఎదుటి మూల ఇంకోటి పొడుస్తాడు. ఒక్క చిల్లే ఉంటే నూనె గుడగుడమంటూ ఆగి ఆగి పడి చుట్టూ చిందుతుంది. లోపల ఖాళీ అయిన చోటికి గాలి వెళ్ళాలి కదా! రెండో చిల్లు గాలి కోసమన్నమాట.

ఇప్పుడు కూరగాయలు మోసే ఓ పాత పికప్ వ్యాను దగ్గరకు రండి. ఇంజను అడుగునున్న తొట్టెను మెకానిక్కులు ఛాంబరు అంటారు. అందులో 5, 6 లీటర్ల ఆయిలు ఉంటుంది. బండి కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక అది మసితో నల్లబడుతుంది. దాన్ని తీసి కొత్తది పోయాలి. అడుగు బోల్టు విప్పితే చాలదా? చాలు. కాని విప్పినవాడి మోచేయి, చొక్కా, నేల అన్నీ నల్లనవుతాయి. ఎందుకని?

ముందు చిక్కదనం సంగతి చూద్దాం. మీ పాఠాల్లో దీని పేరు స్నిగ్ధత. చలికాలం ఉదయాన ఆముదం సీసా వంచి చూడండి, ఎంతకీ దిగదు. డీజిల్ బళ్ళలో ఎక్కువగా వాడే 15డబ్ల్యు-40 రకం ఆయిలు స్నిగ్ధత 40 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఎంత ఉంటుందో, 100 డిగ్రీల దగ్గర అందులో సుమారు ఏడో వంతే ఉంటుంది. చల్లటి ఇంజనులో బోల్టు విప్పితే ఆయిలు ఎంతసేపటికీ చుక్కలు కారుతూనే ఉంటుంది. అలాగని బండి ఆపగానే విప్పితే చేయి బొబ్బలెక్కుతుంది. కాసేపు నడిపి, ఆపి, ఛాంబరు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. ఇంజను పైన ఆయిలు పోసే మూత కూడా తీసి పెట్టాలి. అదే మన రెండో చిల్లు!

అసలు తమాషా ధారలో ఉంది. చాలా బళ్ళలో ఈ బోల్టు ఛాంబరు పక్క గోడకు ఉంటుంది. ఒక ప్లాస్టిక్ సీసాకు అడుగున పక్కగా చిల్లు పెట్టి, నీళ్ళు నింపి బల్లమీద పెట్టండి. ధార మొదట దూరంగా పడి, నీరు తగ్గేకొద్దీ సీసా దగ్గరకు జరుగుతుంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిసెల్లి ఈ సూత్రాన్ని 1644లో ప్రచురించాడు. మట్టం నాలుగో వంతుకు దిగితే ధార వేగం సగమవుతుంది. కనుక బేసిన్‌ను బోల్టుకు సరిగ్గా కింద పెడితే మొదటి ధార దాన్ని దాటి నేలమీద పడుతుంది. కొంచెం ముందుకు పెట్టి, తరువాత వెనక్కి లాగాలి.

ఇక ఫిల్టరు. పాత బళ్ళు కొన్నింటిలో అది ఇంజను పక్కన అడ్డంగా బిగించి ఉంటుంది. వదులు చేయగానే లోపలి ఆయిలు చాసిస్ మీదికి కారుతుంది. దానికి ముందే మందపాటి ప్లాస్టిక్ సంచి తొడిగి, సంచిలోనే మెల్లగా తిప్పి తీస్తే సరి. (ఈ పనంతా పెద్దల చేత చేయించండి. జాకీ ఒక్కటే ఆధారంగా ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు.)

ఇంత జాగ్రత్త చొక్కా కోసమేనా? 1774లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రచురించిన వ్యాసం ప్రకారం, లండన్ దగ్గర ఒక చెరువులో చెంచాడు నూనె దాదాపు అర ఎకరం మేర పరుచుకుంది. అది మామూలు నూనె. ఇంజనులో కాగిన ఆయిలులో కాన్సరు కలిగించే పదార్థాలుంటాయి, చర్మానికి కూడా మంచిది కాదు. మన దేశంలో 2016 నాటి నియమాలు వాడేసిన ఆయిలును ప్రమాదకర వ్యర్థంగానే లెక్కగట్టాయి. కాలువలో పారబోయకుండా మూత ఉన్న డబ్బాలో పోసి, శుద్ధికి పంపే వర్క్‌షాపులో ఇవ్వాలి. పాత ఫిల్టరును ఒక రాత్రి బోర్లించి ఉంచితే ఇంకాస్త ఆయిలు దిగుతుంది. దాన్నీ ఆ డబ్బాలోనే పోయించండి.