పంపింది ఒకటి, చేరింది ఒకటి

అది ఒక పొదుపు సంఘం. సంఘంలో పది మంది ఆడవాళ్లు ఉన్నారు. అందరూ కలిసి పచ్చళ్లు పెట్టి అమ్ముతారు. పట్నంలో ఒక కొట్టాయన పచ్చళ్ల ధరలు మెయిల్లో పంపమన్నాడు.

సంఘం లీడరు ధరల కాగితం రాసుకుని నెట్ సెంటరుకు వెళ్లింది. సెంటరు అబ్బాయి టైపు చేశాడు. తెర మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మెయిలు వెళ్లింది.

మర్నాడు కొట్టాయన ఫోను చేశాడు.

"ఏమ్మా, ఏం పంపారు? ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, గుర్తులు!"

లీడరు మళ్లీ సెంటరుకు వెళ్లింది.

"నువ్వు చూపించినప్పుడు బాగానే ఉంది కదా బాబూ. దారిలో ఎట్లా పాడైంది?" అని అడిగింది.

"దారిలో పాడవలేదు పిన్నీ. సంక్రాంతికి మీ చెల్లెలు ఫోన్లో ముగ్గు అడిగితే ఏం చెబుతావు?"

"పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వరకు అని చెబుతాను."

"అంటే ముగ్గు వెళ్లలేదు. ముగ్గు లెక్క వెళ్లింది. ఆమె అక్కడ మళ్లీ వేసుకుంది. మెయిలు కూడా అంతే. అక్షరం బొమ్మ వెళ్లదు. అక్షరం నంబరు వెళ్తుంది. అవతలి ఫోను ఆ నంబరు చూసి అక్షరాన్ని మళ్లీ గీస్తుంది."

ఆ నంబర్ల లెక్క పేరు యూనికోడ్. అది 1991లో వచ్చింది. అందులో తెలుగు అక్షరాలకూ నంబర్లు ఉన్నాయి. 'అ' నంబరు 3077. 'మ' నంబరు 3118. ఏ దేశంలో చూసినా ఇవే నంబర్లు.

కాని సెంటరు అబ్బాయి పెళ్లి కార్డులకు వాడే పాత అచ్చు ఫాంటులో టైపు చేశాడు. ఫాంటు అంటే అక్షరాల అచ్చు. ఆ పాత ఫాంటులో ఇంగ్లీషు అక్షరాల నంబర్లకే తెలుగు బొమ్మలు తగిలించి ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగు కనిపిస్తుంది. లేనిచోట అసలు ఇంగ్లీషు అక్షరాలే బయటపడతాయి.

"తప్పు నాదే పిన్నీ" అని అబ్బాయి యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశాడు. ఈసారి కొట్టాయనకు తెలుగు కనిపించింది. రెండు రోజులకు జవాబు వచ్చింది.

"20 కిలోల ఆవకాయ కావాలి. 6,000 రూపాయలు పంపుతాను."

లీడరు ఆ జవాబు తానే చదివింది. లెక్క వేసింది. ఆవకాయ కిలో 400 రూపాయలు. 20 కిలోలకు 8,000 రూపాయలు రావాలి. 2,000 తక్కువ! పది మంది కష్టం అది.

ఆమె కంగారు పడలేదు. కొట్టాయనతో పోట్లాడలేదు. "అన్నా, మా మెయిలు మీ ఫోన్లో ఎట్లా కనబడుతుందో ఫొటో పంపు" అంది. ఫొటో ఇట్లా ఉంది:

గోంగూర
300
ఆవకాయ
400
చింతకాయ
350

సెంటరు అబ్బాయి పేరు ఒక చివర, ధర ఇంకో చివర వచ్చేట్టు మధ్యలో ఖాళీలు కొట్టాడు. కంప్యూటరు తెర వెడల్పు. అక్కడ వరస సరిగా ఉంది. ఫోను తెర ఇరుకు. ధరలు కిందికి జారాయి. ఆవకాయ పైన ఉన్న 300 ఆవకాయ ధరే అని కొట్టాయన అనుకున్నాడు.

లీడరు ఈసారి తన ఫోన్లో తానే రాసింది:

గోంగూర కిలో ధర 300 రూపాయలు.
ఆవకాయ కిలో ధర 400 రూపాయలు.
చింతకాయ కిలో ధర 350 రూపాయలు.

పైన "సవరించిన ధరలు" అని రాసి తేదీ వేసింది. ముందు తన మెయిలుకే పంపుకుని చదివి చూసింది. తర్వాత కొట్టాయనకు పంపింది. కొట్టాయన 8,000 రూపాయలకు ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే పచ్చడి బండి ఎక్కింది.

ఇవి గుర్తుంచుకోండి

1. తెలుగు మెయిలు యూనికోడ్‌లోనే టైపు చేయించాలి. ఫోన్లో తెలుగు కీబోర్డుతో రాసేది యూనికోడే.

2. ఖాళీలు కొట్టి వరసలు కలపకూడదు. సరుకు పేరు, ధర ఒకే వాక్యంలో రాయాలి.

3. ముఖ్యమైన సంగతిని రంగుతో గుర్తు పెట్టి ఊరుకోకూడదు. అవతల రంగు కనిపించకపోవచ్చు. "ముందు డబ్బు, తర్వాత సరుకు" అని మాటల్లోనే రాయాలి.

4. బిల్లు, పట్టిక వంటివి పీడీఎఫ్ చేసి మెయిలుకు జతచేయాలి. పీడీఎఫ్‌లో మామూలుగా అక్షరాల అచ్చు కూడా కాగితంతో పాటే వెళ్తుంది. అందుకే రూపు మారదు.

5. పంపిన మెయిలు నకలు మన మెయిల్లో 'సెంట్' అనే చోట ఉంటుంది. దాన్ని తీసేయకూడదు. తగాదా వస్తే అదే సాక్ష్యం.

6. తప్పు తెలియగానే సవరించిన మెయిలు పంపాలి. ఫోను చేసి కూడా చెప్పాలి.

7. ఎవరు టైపు చేసినా, పంపే ముందు మన కాగితం మనమే చదవాలి.

చర్చించండి

లీడరు జవాబు చదవకుండా సరుకు పంపి ఉంటే ఏమయ్యేది?
మీ సంఘం కాగితాలు ఎవరు రాస్తున్నారు? ఎవరు చదివి చూస్తున్నారు?

లెక్క వేయండి

చింతకాయ పచ్చడి కిలో 350 రూపాయలు. 10 కిలోలకు ఎంత?

రాయండి

మీరు అమ్మే మూడు సరుకుల ధరలు, ఒక్కో సరుకుకు ఒక్కో వాక్యం చొప్పున రాయండి. పక్కామెకు ఇచ్చి పైకి చదవమనండి. మీరు రాసింది, ఆమె చదివింది ఒకటేనా?