చెవులతో చదివిన ఒక అంతరిక్ష కథ

దసరా సెలవులకి ఇంటికెళ్తూ బస్సులో ఒక పాడ్‌కాస్ట్ పెట్టుకున్నాను. టామ్ గాడ్విన్ రాసిన ‘ది కోల్డ్ ఈక్వేషన్స్’ కథని ఒకాయన చదువుతున్నాడు. 1954లో అమెరికాలో ‘అస్టౌండింగ్’ పత్రికలో వచ్చిన కథ ఇది. మరుసటి ఏడాదే రేడియో నాటకంగా కూడా వచ్చింది. ముగింపు చెప్పకుండా దీని గురించి మాట్లాడలేను, ముందే చెప్తున్నా.

ఒక గ్రహం మీద జ్వరంతో ఉన్న ఆరుగురికి సీరం తీసుకెళ్తున్న చిన్న నౌక. ఇంధనం లెక్కగట్టి, పైలట్ ఒక్కడికే సరిపడా పోశారు. సామాన్ల గదిలో ఏదో వేడి ఉందని మీటరు ముల్లు చూపిస్తుంది. అక్కడ దాక్కున్నది మెరిలిన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి. అదే గ్రహం మీద ఇంకో బృందంలో ఉన్న అన్నయ్యని చూడాలని ఎక్కింది. దొరికితే జరిమానా కట్టేస్తే సరిపోతుంది అనుకుంది.

ద్రవ్యరాశి పెరిగితే, వేగం తగ్గించి దిగడానికి ఇంధనం కూడా ఎక్కువ కావాలి. మనం ఫిజిక్స్‌లో ‘ఎం’ అని రాసి వదిలేసేది ఇక్కడ ఒక అమ్మాయి. ఆమె ఉంటే నౌక కూలిపోతుంది, ఆ ఆరుగురూ పోతారు.

పుస్తకమైతే ఆత్రం ఆపుకోలేక చివరి పేజీకి వెళ్లిపోయేవాణ్ణి. వినేటప్పుడు మాత్రం చదివే మనిషి నడకే మన నడక. చివర్లో మెరిలిన్ రేడియోలో అన్నయ్యతో మాట్లాడుతుంది. గ్రహం తిరుగుతూ ఉంటే అతని క్యాంపు రేడియో పరిధి దాటిపోతుంది. గొంతు సన్నబడి, ఆగిపోతుంది. తర్వాత ఆమె తనే ఎయిర్‌లాక్‌లోకి నడిచి వెళ్తుంది. నేను ఇయర్‌ఫోన్స్ తీసేసి, చాలాసేపు కిటికీలోంచి బయటకి చూస్తూ ఉండిపోయాను.

తిరిగొచ్చేటప్పుడు మళ్లీ విన్నాను, ఈసారి పెన్నూ కాగితంతో. అంత ప్రమాదముంటే తలుపుకి తాళం ఎందుకు లేదు? బయలుదేరే ముందు గది ఎవరూ ఎందుకు చూడలేదు? ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ ఏది? విమర్శకులు ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నలే ఇవి. అక్కడున్నదల్లా లోపలికి రావద్దనే బోర్డు ఒక్కటే. సమీకరణానికి జాలి ఉండదు, నిజమే. కానీ తాళం పెట్టకూడదని ఏ సమీకరణమూ చెప్పలేదు.

ఇది నాకు ఎందుకు తగిలిందంటే, ఫస్టియర్ వర్క్‌షాప్‌లో నేను చక్ కీ తీయకుండానే లేత్ ఆన్ చేయబోయాను. ఇన్‌స్ట్రక్టర్ గారు చెయ్యి పట్టుకుని ఆపారు. “కీ తీయండి” అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది! వదలగానే దానంతటదే బయటికి వచ్చేసే స్ప్రింగ్ చక్ కీలు కూడా ఉంటాయని ఆ తర్వాతే తెలిసింది. బోర్డు రాసినవాడు మన జాగ్రత్తని నమ్ముకున్నాడు. స్ప్రింగ్ పెట్టినవాడు మన మతిమరుపుని కూడా లెక్కలో వేసుకున్నాడు.

అందుకే ఫ్రెండ్స్, సైన్స్ ఫిక్షన్‌ని రెండుసార్లు వినండి. మొదటిసారి కళ్లు మూసుకుని, మెరిలిన్ పక్కన కూర్చుని. రెండోసారి ఆ నౌకని డిజైన్ చేసినవాడి కుర్చీలో కూర్చుని. రేపు ఆ కుర్చీలో కూర్చోబోయేది మనమే కదా.