‘సిక్కు’ అంటే శిష్యుడు

మనం తెలుగులో శిష్యుడు అనే మాటే పంజాబీలో ‘సిఖ్’ అయింది. ‘సిఖ్‌ణా’ అంటే నేర్చుకోవడం. ఆంగ్లేయులు చెవికి వినబడినట్టు రాసుకున్నారు: 1781లో పాట్నా గురుద్వారా చూసిన చార్లెస్ విల్కిన్స్ ‘సీక్స్’ అన్నాడు, 1788లో జేమ్స్ బ్రౌన్ ‘సిక్స్’ అన్నాడు. నేటి ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో చివరి ‘హెచ్’ ఖకారపు ఒత్తుకు గుర్తు.

ఇంగ్లీషులో ‘సీక్’ అంటే వెతకడం కాబట్టి సిక్కు అంటే అన్వేషకుడని కొందరు చెబుతారు. అది సరికాదు. ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు. వెతికేవాడికి గురువు ఇంకా దొరకలేదు, శిష్యుడికి దొరికాడు. 1708లో నాందేడ్‌లో గురు గోబింద్ సింగ్ జీ గురుస్థానాన్ని గురు గ్రంథ్ సాహిబ్‌కు అప్పగించారు. ఆ గురువు ముందు కూర్చుని నేర్చుకుంటేనే మనకు ఆ పేరు తగుతుంది.

ఆలోచించండి: గురుబాణీ నుంచి ఈ రోజు మనం ఏం నేర్చుకున్నాం?